పాస్టరు గారి మనవరాలు హోమర్ చదవొచ్చా?

టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒక తల్లి రాశారు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఉంచాను.

"మాది గుంటూరు. తాతల నాటి నుంచి లూథరన్ సంఘంలో ఉన్న కుటుంబం. మా మామగారు పాస్టరుగా చేసి రిటైరయ్యారు. మావారిది సాఫ్ట్‌వేర్. పాప ట్వెల్త్ గ్రేడ్‌కి వచ్చింది. ఇక్కడే ఒక క్లాసికల్ చార్టర్ స్కూల్లో (ప్రభుత్వ డబ్బుతో, సొంత పద్ధతిలో నడిచే బడి) చదువుతోంది, లాటిన్ కూడా నేర్చుకుంది. ఈ వేసవిలో కాలిఫోర్నియాలో థామస్ అక్వినాస్ కాలేజీ వాళ్లు హైస్కూల్ పిల్లలకు పెట్టే రెండు వారాల ప్రోగ్రాంకి వెళ్లొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి 'చదివితే అక్కడే' అంటోంది. అక్కడ మేజర్లే, అంటే ఎవరికి వాళ్లు ఎంచుకునే సబ్జెక్టులే ఉండవట, అందరూ ఒకే పుస్తకాలు చదువుతారట: పాత గ్రీకుల హోమర్ కావ్యాలు, ప్లేటో తత్వం, యూక్లిడ్ రేఖాగణితం. మావారేమో 'నాలుగేళ్లు కథలు చదివితే ఉద్యోగం ఎవడిస్తాడు, కంప్యూటర్ సైన్స్ తీసుకో' అని భీష్మించుకు కూర్చున్నారు. మామగారు ఫోన్‌లో కొలొస్సయుల పత్రిక రెండో అధ్యాయం చదివి వినిపించారు, 'నిరర్థక తత్వజ్ఞానము' అని. అన్యదేవతల కథలు చదవడానికి క్రైస్తవ కాలేజీ దాకా ఎందుకంటారు. పైగా అది కేథలిక్కులది. ఇంట్లో రోజూ గొడవే. ఆ పుస్తకాలు పట్టుకున్నప్పుడు పాప మొహం చూస్తే నాకు కాదనబుద్ధి కావడం లేదు. మీరేమంటారు? మేం ఇంకా హెచ్-1 వర్క్ వీసా మీదే ఉన్నాం. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది, ఇండియావాళ్ల గ్రీన్‌కార్డు లైన్ సంగతి మీకు తెలిసిందే."

అమ్మా,

మీవారి భయం, మామగారి భయం ఉత్తరం నిండా ఉన్నాయి. చివరి రెండు వాక్యాలు మాత్రం మాటవరసకు చేర్చినట్టు ఉన్నాయి. మీ పాప ఎక్కడ చదవాలన్నది తేల్చాల్సింది హోమరూ కాదు, పోపూ కాదు, ఆ రెండు వాక్యాలే. వాటి దగ్గరికి వస్తాను. ముందు, ఆ చదువేమిటో ఇంట్లో అందరికీ తెలియాలి. తెలియకుండానే పోట్లాడుకుంటున్నారని నా అనుమానం.

'నాలుగేళ్లు కథలు' అన్నది నిజం కాదు. పాత యూరప్‌లో లిబరల్ ఆర్ట్స్ అంటే ఏడు విద్యలు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం మూడు. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం నాలుగు. ఏడింట్లో నాలుగు లెక్కల వైపువే. సంగీతం కూడా పాడటం నేర్పడానికి కాదు, స్వరాల మధ్య నిష్పత్తులు లెక్కగట్టడానికి. ఐదో శతాబ్దానికే ఈ ఏడూ ఒక జాబితాగా స్థిరపడ్డాయి, తర్వాత మఠాల్లో, యూనివర్సిటీల్లో అదే పునాది చదువైంది. మన వైపు అమరం వల్లించి, తర్కసంగ్రహం చదివి, ఆ తర్వాతే శాస్త్రంలోకి దిగేవాళ్లు చూడండి, ఇంచుమించు ఆ పద్ధతే. (తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఈ మాట మీ పాపకి చెప్పండి, సంతోషిస్తుంది.)

మీ పాప చూసొచ్చిన కాలేజీ 1971లో మొదలైంది. క్యాంపస్ శాంటా పౌలా దగ్గర కొండల్లో ఉంది, 2019లో మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్‌లో రెండోది తెరిచారు. అక్కడ టెక్స్ట్‌బుక్కులు ఉండవు, లెక్చర్లు ఉండవు. పాఠం చెప్పేవాళ్లని ప్రొఫెసర్ అనరు, ట్యూటర్ అంటారు. మొదటి ఏడాది యూక్లిడ్, అరిస్టాటిల్ తర్కం, లాటిన్, బైబిల్, హోమర్. రెండో ఏడాది ఖగోళంలో టోలెమీ, కోపర్నికస్, కెప్లర్. మూడో ఏడాది న్యూటన్ రాసిన ప్రిన్కిపియా. దాని గురించి ఎవరో రాసిన గైడు కాదు, న్యూటన్ రాసిందే, బోర్డు మీద ఒక్కో మెట్టూ నిరూపించుకుంటూ. నాలుగో ఏడాది ఐన్‌స్టీన్ దాకా వెళ్తారు. మీవారు ఇంజినీరింగ్‌లో న్యూటన్ సూత్రాలు వాడే ఉంటారు. న్యూటన్‌ని చదివి మాత్రం ఉండరు, మనలో ఎవరం చదవలేదు.

ఇలాంటి ఒక కాలేజీలో ఫస్టియర్ లెక్కల క్లాసులో నేను ఒకసారి వెనక కుర్చీలో కూర్చున్నాను. పదిహేను మంది దాకా ఉన్నారు, పెద్ద బల్ల చుట్టూ. ఒకమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్లింది, చేతిలో పుస్తకం లేదు. యూక్లిడ్ మొదటి ప్రతిపాదన: ఇచ్చిన గీత మీద సమబాహు త్రిభుజం కట్టాలి. గీత గీసింది. ఈ కొస కేంద్రంగా ఒక వృత్తం, ఆ కొస కేంద్రంగా ఇంకో వృత్తం. రెండూ కలిసిన చోటు నుంచి రెండు కొసలకీ గీతలు కలిపింది. మూడు భుజాలూ ఎందుకు సమానమో చెప్పి చాక్‌పీసు కింద పెట్టింది. మన స్కూల్లో అయితే 'వెరీ గుడ్, కూర్చో' అనేవాళ్లు. అక్కడ ఒక కుర్రాడు చెయ్యెత్తి, "ఆ రెండు వృత్తాలు కలుస్తాయని నీకెలా తెలుసు?" అన్నాడు. "కనబడుతోందిగా" అంది. "కనబడితే చాలా? ఏ సూత్రం ప్రకారం?" ట్యూటరు నోరు విప్పలేదు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, యూక్లిడ్ ముందే ఒప్పుకోమన్న సూత్రాలు ఒక్కొక్కటీ పైకే చదువుకుంది. ఏదీ పనికిరాలేదు. క్లాసు మిగిలిన సమయమంతా దాని మీదే గడిచింది. నిజానికి అది యూక్లిడ్‌లో ఉన్న లోటే. పందొమ్మిదో శతాబ్దంలో గానీ గణితజ్ఞులు దాన్ని సరిగ్గా పూడ్చలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు మొదటి ప్రతిపాదన దగ్గరే దాన్ని పట్టుకున్నారు. కోడ్ రివ్యూలో 'టెస్టులు పాసయ్యాయి కదా' అనేవాడికీ, 'ఈ ఇన్‌పుట్ ఎప్పుడూ ఖాళీగా రాదని ఎవరు చెప్పారు' అని అడిగేవాడికీ ఎంత తేడానో మీవారికి నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి మీ పాపకు నచ్చింది తేలిక చదువేమీ కాదు. రెండు వారాలు దాన్ని రుచి చూసి, మళ్లీ కావాలంటోందంటే ఆ పిల్ల ఆషామాషీ మనిషి కాదు.

ఇక మామగారు. ఆయన ప్రశ్నను కొట్టిపారేయొద్దు, మీ పాపనీ కొట్టిపారేయనివ్వొద్దు. అది క్రైస్తవంలో చాలా పాత ప్రశ్న, పెద్దపెద్దవాళ్లు అడిగిందే. ఏథెన్స్‌కీ యెరూషలేముకీ, అంటే గ్రీకు చదువుకీ విశ్వాసానికీ ఏం సంబంధం అని తొలినాళ్ల క్రైస్తవ రచయిత టెర్టూలియన్ అడిగాడు. క్రైస్తవ పండితుడు జెరోముకైతే కలే వచ్చింది. తీర్పు సింహాసనం ముందు నిలబెట్టి 'నువ్వు క్రైస్తవుడివి కావు, సిసెరో మనిషివి' అన్నారట. సిసెరో అంటే క్రీస్తుకు ముందటి రోమన్ రచయిత. ఆ జెరోమే తర్వాత బైబిలును లాటిన్‌లోకి తెచ్చాడు. సిసెరో దగ్గర నేర్చిన లాటిన్ లేకపోతే ఆ పని ఎలా జరిగేదో మామగారినే అడగండి.

తొలినాళ్ల వేదాంతి అగస్టీను జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వచ్చేటప్పుడు వెండి బంగారాలు అడిగి తెచ్చుకున్నారు. బంగారం ఐగుప్తీయుల దగ్గర ఉన్నంత మాత్రాన అది ఐగుప్తు దేవతలది అయిపోదు. అన్యుల తర్కం, గణితం, కవిత్వం కూడా అలాగే తెచ్చుకోవచ్చంటాడు. నిర్గమకాండం పన్నెండో అధ్యాయం మీద మీ మామగారు ఎన్ని ప్రసంగాలు చేసి ఉంటారో! ఆయనకు ఇది చప్పున అందుతుంది. అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయం కూడా ఉంది. పౌలు ఏథెన్స్‌లో నిలబడి 'మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు' అని గ్రీకు కవి పంక్తినే వాక్యంగా వాడుకున్నాడు. కొలొస్సయులకు రాసిందీ ఆయనే, ఇది అన్నదీ ఆయనే. రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇంకోటుంది. 362లో రోమన్ చక్రవర్తి జూలియన్ ఒక ఆజ్ఞ తెచ్చాడు. క్రైస్తవుడిగా పెరిగి, తర్వాత పాత దేవతల వైపు తిరిగినవాడు. క్రైస్తవులు హోమర్ లాంటివాళ్లని పాఠం చెప్పకూడదన్నాడు. ఆ దేవతల్ని నమ్మనివాళ్లకు ఆ పుస్తకాలతో పనేమిటి, చర్చిలకు పోయి మత్తయి, లూకా చెప్పుకోండి అని. మీ మామగారి మాటకు దాదాపు దగ్గరగా ఉంది కదా? దాంతో క్రైస్తవులు 'పీడా పోయింది' అనుకోలేదు. నాజియాన్జస్ గ్రెగొరీ అనే క్రైస్తవ పండితుడు మండిపడ్డాడు. రోమ్‌లో విక్టోరినస్ అనే పేరున్న పండితుడు విశ్వాసం వదల్లేక పాఠశాలే మానేసుకున్నాడు. ఆ పుస్తకాలు చేజారితే తమ పిల్లలు చదువులో వెనకబడతారని వాళ్లకు తెలుసు.

లూథరన్లమంటున్నారు కాబట్టి ఒక మాట. 1524లో లూథర్ జర్మనీ పట్టణాల పెద్దలకు బహిరంగంగా రాస్తూ, పిల్లలకు భాషలు, లిబరల్ ఆర్ట్స్ నేర్పే పాఠశాలలు పెట్టమని గట్టిగా అడిగాడు. ఆయన కుడిభుజం మెలంక్తాన్ విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీకి వచ్చిందే గ్రీకు ప్రొఫెసరుగా, అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఇంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. మీ గుంటూరు వైపు జాషువా గారు ఉన్నారు. 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు కాళిదాసు మేఘసందేశం పద్ధతినే తీసుకున్నారు. మేఘం బదులు గబ్బిలం, యక్షుడి బదులు అంటరానివాడు, సందేశం కాశీలోని శివుడికి. క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాస్తాడా అని ఇటు సంఘంవాళ్లు వెలివేశారు, ఈయనకు పద్యమేమిటని అటు పండితులు చిన్నచూపు చూశారు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్నారు. ఆ వెలి తప్పని ఇవాళ గుంటూరులో ఏ పాస్టరైనా ఒప్పుకుంటారనే నా నమ్మకం.

కేథలిక్ సంగతి త్వరగా ముగిస్తాను. థామస్ అక్వినాస్ కాలేజీ ఇతర సంఘాలవాళ్లనీ చేర్చుకుంటుంది, కానీ అక్కడి వేదాంత పాఠం కేథలిక్ పాఠమే, మూడో ఏడాదికి కాలేజీకి పేరిచ్చిన కేథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ పుస్తకాల దగ్గరే కూర్చుంటారు. పాప అభిప్రాయాలు మారవచ్చు. లూథరన్ విశ్వాసం ఇంకా గట్టిపడనూ వచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్లని ఏ కాలేజీలో వేసినా ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, కంప్యూటర్ సైన్స్‌తో సహా. అక్కడ డ్రెస్ కోడ్ ఉంది, అబ్బాయిలు అమ్మాయిల హాస్టళ్ల దగ్గర కట్టుదిట్టం ఉంది. ఆ విషయంలో మీ మామగారు ఆనందించే అవకాశమే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మీ పాప హెచ్-4 మీద, అంటే హెచ్-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉంది. ఇరవై ఒకటి నిండితే ఆ స్టేటస్ పోతుంది. ఇండియా లైన్ చూస్తే అప్పటికి మీ గ్రీన్‌కార్డు డేట్ వస్తుందనుకోలేం. ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసే చట్టం ఉంది గానీ, అది పనికొచ్చేది గ్రీన్‌కార్డుకి వీసా నంబరు అందుబాటులోకి వచ్చాకే. అంటే డిగ్రీ చివర్లో తను ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి. చదువయ్యాక పన్నెండు నెలల ఓపీటీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి. అదే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే ఇంకో ఇరవై నాలుగు నెలలు కలుస్తాయి. థామస్ అక్వినాస్‌లో ఇచ్చేది ఒక్కటే డిగ్రీ, లిబరల్ ఆర్ట్స్‌లో బీఏ. పిల్లలు నిజంగా న్యూటన్ చదివినా ఇమ్మిగ్రేషన్ కాగితాల్లో అది స్టెమ్ కాదు. పన్నెండు నెలల్లో ఉద్యోగం, హెచ్-1బీ వర్క్ వీసా లాటరీ, పిటిషన్ అన్నీ కుదరాలి. హెచ్-1బీకి మళ్లీ, డిగ్రీకీ ఉద్యోగానికీ నేరుగా సంబంధం చూపించాలి. ఏ సబ్జెక్టుకీ కట్టుబడని డిగ్రీతో అది చూపించడం చాలా కష్టం. అమెరికన్ సిటిజన్ పిల్ల ఇదే ఉత్తరం రాయించి ఉంటే 'పంపించండి, హాయిగా చదువుకోనివ్వండి' అని రెండు ముక్కల్లో ముగించేవాణ్ని. మీ పాప విషయంలో అలా అనలేను.

డబ్బు సంగతి కూడా అక్కడే ముడిపడి ఉంది. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, దానికి పెట్టే ఫాఫ్సా ఫారం నింపినా లాభం లేదు. కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్పే పెద్ద దిక్కు. ఇలాంటి చిన్న కాలేజీల్లో ఆ సాయంలో కొంత భాగం పిల్లలు క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునేలా ఉంటుంది, కిచెన్‌లోనో లైబ్రరీలోనో వారానికి కొన్ని గంటలు. థామస్ అక్వినాస్‌లోనూ ఆ పద్ధతి ఉంది. హెచ్-4 పిల్లలు పని చేయకూడదు. కాబట్టి 'మీ ఎయిడ్‌లో పని భాగం ఎంత, అది చేయలేని విద్యార్థికి దాని బదులు ఏమిస్తారు' అని అడ్మిషన్ ఆఫీసుకి ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో కాదు. జవాబు రాతలో ఉండాలి.

అయితే నాన్నగారు గెలిచినట్టేనా? కాదు. కంప్యూటర్ సైన్స్ ఒక్కటే దారి అన్నదీ పొరపాటే. పాపకు కావాల్సింది ఆ పుస్తకాలు, ఆ బల్ల చుట్టూ మాటలు. వీసాకు కావాల్సింది ఫలానా సబ్జెక్టని పేరు పెట్టి చెప్పగల ఒక మేజర్. రెండూ ఉన్న కాలేజీలున్నాయి, ఒకటి మీ ఊళ్లోనే ఉంది. యూనివర్సిటీ ఆఫ్ డాలస్ పేరుకే డాలస్, క్యాంపస్ ఇర్వింగ్‌లో. దాని పక్క రోడ్డు మీద రోజూ ఆఫీసుకి వెళ్లే మనవాళ్లలో ఎంతమందికి అది తెలుసో నాకు సందేహమే. మనవాళ్లకు అటు యూటీ డాలస్, ఇటు యూటీ ఆస్టిన్ తప్ప మధ్యలో ఏమీ కనబడదు. 1956లో పెట్టిన కేథలిక్ యూనివర్సిటీ ఇది. ఏ మేజర్ తీసుకున్నా ప్రతి విద్యార్థీ దాదాపు రెండేళ్లు పట్టే ఉమ్మడి పాఠాలు చదవాలి: హోమర్ కావ్యాలు ఇలియడ్, ఒడిస్సీ, రోమన్ కావ్యం ఈనియడ్, డాంటే, ప్లేటో, బైబిల్. వాటి పక్కనే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మేజర్లు ఉన్నాయి, అన్నీ స్టెమ్‌లోవే. యూక్లిడ్ బోర్డు దగ్గర మెరిసే పిల్ల మ్యాథ్స్ మేజర్ చేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. కేథలిక్ అన్న ఇబ్బంది ఇక్కడా ఉంటుంది, అయితే తప్పనిసరి థియాలజీ రెండు కోర్సులే, అందులో ఒకటి బైబిల్ మీదే.

అక్కడ ఒక తిరకాసు ముందే చెబుతాను. చాలామంది పిల్లలు రెండో ఏడాదిలో ఒక సెమిస్టర్ రోమ్ దగ్గర కాలేజీ సొంత క్యాంపస్‌కి వెళ్తారు. ఆ చదువులో అదొక పెద్ద ఆకర్షణ. మీ పాపకు ఇటలీ వీసా కావాలి. తిరిగి రావాలంటే పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటయ్యే హెచ్-4 వీసా స్టాంపింగ్ ఉండాలి. స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు, ఈలోగా ఇక్కడ తర్వాతి సెమిస్టర్ మొదలైపోతుంది. ఎఫ్-1కి మారాక వెళ్తే ఆ తలనొప్పి ఇంకో రకం. వెళ్తే రెండో ఏడాదిలోనే, స్టాంపింగ్ చూసుకుని వెళ్లాలి. ఇండియా ట్రిప్ ఒకటి దానికి కలిసొచ్చేలా వేసుకోండి.

కేథలిక్ వద్దే వద్దంటే, వేకోలో బేలర్ ఉంది. బాప్టిస్టుల యూనివర్సిటీ, 1845 నాటిది, మీ ఇంటి నుంచి కారులో గంటన్నర పైన. ఇంజినీరింగ్ కూడా ఉంది, ఆనర్స్ కాలేజీలో గ్రేట్ టెక్స్ట్స్ అనే ప్రోగ్రాం ఉంది. మామగారి మనసు కుదుటపడాలంటే ఇండియానాలోని వాల్పరైజో చూడండి. లూథరన్ యూనివర్సిటీ, అక్కడి ఆనర్స్ కాలేజీ పేరే క్రైస్ట్ కాలేజ్. ఇంజినీరింగ్ చదువుతూ మొదటి ఏడాది ఈ పుస్తకాల చుట్టూ కూర్చోవచ్చు. అలాగని ఈ రెంటినీ మీ పాప చూసొచ్చిన దానితో సమానమని అనను. అక్కడ క్యాంపస్ మొత్తం ఒకే పుస్తకం చదువుతుంది, భోజనాల దగ్గర కూడా దాని గురించే వాదించుకుంటారు. ఇక్కడ పక్క గదిలో పిల్ల అకౌంటింగ్ చదువుతుంటుంది. ఆ నష్టం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేస్తే పాప మీ మాట వినదు.

'క్లాసికల్', 'క్రిస్టియన్' అని బోర్డు పెట్టిన ప్రతి చోటూ ఒకటి కాదు. గత ముప్పై నలభై ఏళ్లలో ఇలాంటివి చాలా పుట్టుకొచ్చాయి, కొన్నిటికి ఊరి జూనియర్ కాలేజీ అంత కూడా విద్యార్థులు లేరు. అక్రెడిటేషన్ (కాలేజీకి గుర్తింపు) ఎవరిచ్చారో చూడండి. ఎఫ్-1 విద్యార్థుల్ని తీసుకోవడానికి ప్రభుత్వ అనుమతి ఉందో లేదో చూడండి, అది లేకపోతే మీకు పనికిరాదు. కొన్ని కాలేజీలు చేరే ముందు విశ్వాస ప్రమాణం మీద సంతకం అడుగుతాయి, అది మీ పాప నిజాయితీగా పెట్టగలిగినదేనా చదువుకోమనండి. మరికొన్నిటి బ్రోచర్లలో పాశ్చాత్య నాగరికతను కాపాడే సైన్యంలో చేరండి అన్న ధోరణి ఉంటుంది. పుస్తకం చదవడానికి వచ్చిన పిల్ల చేతికి జెండా ఇచ్చే చోట నాకు నమ్మకం లేదు.

దాన్ని పసిగట్టడానికి ఒక చిట్కా. అరిస్టాటిల్ 'పాలిటిక్స్' మొదటి భాగంలో కొందరు పుట్టుకతోనే బానిసలుగా ఉండదగినవాళ్లని వాదిస్తాడు. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి పిల్లల్ని మీ పాప ఒక్కటే అడగాలి: 'ఆ పేజీ చదివిన రోజు మీ క్లాసులో ఏం జరిగింది?' గట్టిగా పోట్లాడామంటే మంచి చోటు. అరిస్టాటిల్‌ని వెనకేసుకొచ్చినవాళ్లు, కడిగేసినవాళ్లు ఇద్దరూ ఉన్నారంటే ఇంకా మంచి చోటు. 'ఆ భాగం వదిలేశాం' అన్నా, 'ఆ కాలానికి అది మామూలే' అని దాటేసినా వెనక్కి వచ్చేయమనండి. మన ఊళ్లలో పుట్టుకను బట్టి మనిషి ఏ పనికి తగునో ముందే రాసిపెట్టిన మాటలు విన్న కుటుంబాల పిల్లకు ఆ పేజీ వేరేగా చదవబడుతుంది. ఆ చదవడం క్లాసుకు కావాలి.

ఈ సందర్భంలో ఆనా జూలియా కూపర్ పేరు మీ పాపకి చెప్పండి. నార్త్ కరొలైనాలో బానిసగా పుట్టింది. విడుదలయ్యాక చర్చి వాళ్లు నడిపే పాఠశాలలో గ్రీకు, లాటిన్ నేర్చుకుంది. మగపిల్లలకు కేటాయించిన కోర్సే కావాలని పట్టుబట్టి ఓబర్లిన్ కాలేజీలో చదివి 1884లో డిగ్రీ తెచ్చుకుంది. వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లల హైస్కూలుకి ప్రిన్సిపాలయ్యాక, వీళ్లకు లాటిన్ ఎందుకు, చేతిపని నేర్పండి అన్న ఒత్తిడికి లొంగలేదు, దానికి పదవే పోయింది. 1925లో అరవై దాటాక పారిస్‌లో డాక్టరేట్ తీసుకుంది. 'నీకెందుకమ్మా ఈ చదువు' అన్న ప్రశ్న మీ ఇంట్లోనే మొదట పుట్టలేదు.

మీవారికి ఉద్యోగాల గురించి: అమెరికాలో లా స్కూల్‌కి ఫలానా మేజర్ ఉండాలని లేదు. మెడికల్ స్కూల్‌కి కూడా నిర్ణీత సైన్స్ కోర్సులు, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటే చాలు, మేజర్ ఏదైనా పర్వాలేదు. మీ పాప చదివే తరహా చార్టర్ స్కూళ్లు ఇలాంటి డిగ్రీ ఉన్న టీచర్ల కోసం వెతుకుతుంటాయి, జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ పక్కన చెప్పుకునేంత ఉండదు. డిగ్రీ తర్వాత మాస్టర్స్ చేస్తే మళ్లీ కొత్తగా ఓపీటీ వస్తుంది. దారులున్నాయి. అయితే ప్రతి దారీ ఇంకో ఫీజు, ఇంకో రెండు మూడేళ్లు. ఇంట్లో చిన్నవాళ్ల చదువులు కూడా లెక్కలోకి తీసుకుని మీరిద్దరూ కూర్చుని కాగితం మీద వేసుకోండి, పాపను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. న్యూటన్ చదవగలిగిన పిల్లకి మన అప్పులు అర్థం కావా? వీసా సంగతి ఇంతవరకు తనకి వివరంగా చెప్పలేదని ఉత్తరం చదివితే అనిపించింది. ఇళ్లలో చాలామంది చెప్పరు, పిల్లకెందుకు టెన్షన్ అని. తీరా ఇరవయ్యో ఏట తెలిసి, ఆ వయసులో అమ్మానాన్నల మీద కోపం తెచ్చుకున్న పిల్లలు నాకు ఉత్తరాలు రాస్తుంటారు.

ఈ నెలలో చేయాల్సింది ఇది. మీ కంపెనీ లాయరు కాదు, మీరే డబ్బు కట్టి ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర గంట తీసుకోండి. కంపెనీ లాయరు కంపెనీ కోసం పని చేస్తాడు. మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు లైన్‌లో మీ చోటు తేల్చే తేదీ), పాప పుట్టిన తేదీ, ఐ-140 వేసిన రోజు, అప్రూవ్ అయిన రోజు పట్టుకెళ్లండి. ఎఫ్-1కి మారడం ఎప్పుడు, ఎలా అని అడగండి, రూల్స్ మారుతుంటాయి కాబట్టి నా మాట మీద ఆగొద్దు. ఈలోగా యూనివర్సిటీ ఆఫ్ డాలస్‌కి ఫోన్ చేసి ఒక రోజు క్లాసుల్లో కూర్చోవడానికి పాపకు అనుమతి అడగండి. మీవారిని కూడా వెళ్లమనండి, మ్యాథ్స్ క్లాసుకి కాదు, ఇలియడ్ చదివే క్లాసుకి. థామస్ అక్వినాస్‌కి అప్లికేషన్ మాత్రం ఆపించకండి. వెయ్యనివ్వండి. సీటు వచ్చి, ఎయిడ్ లెటర్ చేతికొచ్చాక అంకెలు చూసి వదులుకోవడం వేరు, నాన్న వద్దన్నాడని వదులుకోవడం వేరు. ఎయిడ్ లెటర్లు రెండూ వచ్చాక, లాయరు ఏమన్నాడో కలిపి మళ్లీ రాయండి. అప్పుడు అంకెల మీద మాట్లాడుకుందాం.